చూడదగిన నీడ

ఆకాశంలో జరిగే సంఘటనలలో సామాన్యునికి ఖర్చు లేకుండా, ప్రమాదం లేకుండా అందుబాటులో ఉన్నది చంద్రగ్రహణం. సూర్యగ్రహణాన్ని చూడాలంటే కంటికి రక్షణ కావాలి. సంపూర్ణ సూర్యగ్రహణమైతే అది కనిపించే సన్నని బాటను వెదుక్కొంటూ దూరప్రయాణం కట్టాలి. చంద్రగ్రహణం అలా కాదు. అది పట్టిన వేళ చంద్రుడు కనిపించే ప్రాంతాలన్నిటికీ ఒకేసారి, ఒకే తీరున దర్శనమిస్తుంది. వాకిట నిలబడి తల ఎత్తితే చాలు. అయినా తెలుగునాట చాలామంది దానిని చూడరు. పట్టు స్నానానికి, విడుపు స్నానానికి వేళలు అడిగి తెలుసుకొంటారు. ఆవకాయ జాడీ మీద దర్భలు వేస్తారు. ఆపైన తలుపులు మూసుకొని పడుకొంటారు. గ్రహణం వేళను ఇంత శ్రద్ధగా తెలుసుకొనే వారు గ్రహణాన్ని మాత్రం చూడకపోవడం విచిత్రం.

నూజివీడు మామిడి తోటల నడుమ ఉన్న ఆగిరిపల్లి వంటి ఊరిని తీసుకొంటే ఈ వైచిత్రి మరింత స్పష్టమవుతుంది. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ తరువాత ఏలూరు జిల్లాలో చేరిన ఈ గ్రామానికి శోభనాచలం కొండ, అక్కడి శోభనాచలస్వామి ఆలయం గుర్తింపు తెచ్చాయి. ఊరు దాటితే తోటలు. నగరపు వీధిదీపాల వెలుగు ఆకాశాన్ని కమ్మివేసినంతగా ఇక్కడ కమ్మదు. గ్రహణాన్ని చూడడానికీ, ఛాయాచిత్రం తీయడానికీ ఇటువంటి చోటు ఎంతో అనువైనది. పెద్ద పరికరాలు లేకపోయినా ఒక మామూలు కెమెరా, ఒక గడియారం, ఒక నోటుపుస్తకం ఉన్న జూనియర్ కళాశాల విద్యార్థి ఇక్కడి నుండి విలువైన పని చేయగలడు. ఆ పని సంప్రదాయానికి ఎదురు తిరగడమవుతుందని కొందరు సందేహిస్తారు. నిజానికి సంప్రదాయంలోని మేలైన పాలును నిలబెట్టేది ఆ పనియే.

గ్రహణమంటే ఏమిటో ముందుగా జ్ఞాపకం చేసుకోవడం అవసరం. చంద్రునికి స్వయంప్రకాశం లేదు. అతనిపై పడిన సూర్యకాంతి తిరిగి భూమికి చేరితే అది వెన్నెల. పౌర్ణమినాడు సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరుసలోకి వచ్చినప్పుడు చంద్రుడు భూమి నీడలో ప్రవేశిస్తాడు. చంద్రుని కక్ష్య భూమి కక్ష్యాతలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండడం వల్ల ప్రతి పౌర్ణమికీ అది జరగదు. ఆ నీడలో రెండు భాగాలున్నాయి. సూర్యబింబం కొంతమేర మాత్రమే మరుగయ్యే ప్రాంతం ఉపచ్ఛాయ. పూర్తిగా మరుగయ్యే ప్రాంతం ప్రచ్ఛాయ. ఉపచ్ఛాయలో చంద్రుడు కొద్దిగా మసకబారుతాడు, అంతే. ప్రచ్ఛాయ అంచు తాకినప్పుడే గ్రహణం పట్టిందని లోకం అంటుంది. ప్రచ్ఛాయలో పూర్తిగా మునిగిన చంద్రుడు సాధారణంగా మాయమైపోడు, ఎర్రబడతాడు. భూమి చుట్టూ ఉన్న వాయుమండలం సూర్యకాంతిని వంచి కొంత నీడలోకి పంపుతుంది. ఆ దారిలో నీలికాంతి చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ క్షణాన భూగోళం చుట్టూ ఎక్కడెక్కడ సూర్యోదయమవుతున్నదో, ఎక్కడెక్కడ సూర్యాస్తమయమవుతున్నదో ఆ సంధ్యలన్నిటి ఎరుపే చంద్రునిపై పడుతుంది.

ఈ జ్ఞానం భారతీయులకు కొత్త కాదు. 499 నాటి ఆర్యభటీయంలోనే ఆర్యభటుడు భూమి నీడ చంద్రుని కప్పుతుందని చెప్పాడు. పంచాంగకర్తలు సంపూర్ణ గ్రహణానికి ఐదు వేళలు లెక్కగడతారు. నీడ మొదట తాకే వేళ స్పర్శ. చంద్రబింబం పూర్తిగా మునిగే వేళ నిమీలనం. నడిమి వేళ మధ్యం. తిరిగి తొలి వెలుగు తొంగిచూసే వేళ ఉన్మీలనం. నీడ పూర్తిగా విడిచిపెట్టే వేళ మోక్షం. 2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి భారతదేశమంతటా కనిపించే స్థితిలో ఉన్న సంపూర్ణ గ్రహణానికి ఇవి వరుసగా రాత్రి 9 గంటల 57 నిమిషాలు, 11 గంటల 1 నిమిషం, 11 గంటల 42 నిమిషాలు, 12 గంటల 23 నిమిషాలు, 1 గంట 27 నిమిషాలు. సంపూర్ణ స్థితి 82 నిమిషాలు. ఈ ఐదు వేళలలో మధ్యం తప్ప మిగిలిన నాలుగింటినీ కంటితో నేరుగా సరిచూడవచ్చు. మధ్యమకాలం వాటి నుండి తేలుతుంది.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఏకాదశి ఎప్పుడు వెళ్లి ద్వాదశి ఎప్పుడు వచ్చిందో ఆకాశం వంక చూచి ఎవరూ చెప్పలేరు. తిథి గణనలో కొద్దిపాటి తప్పు దొర్లినా అది కాగితం మీదనే ఉండిపోతుంది. గ్రహణం అలా కాదు. పంచాంగం పట్టుతుందన్న వేళకు పట్టకపోతే ఆ సంగతి ఊరంతటికీ తెలిసిపోతుంది. అందువల్ల గణితానికి గ్రహణమే పరీక్ష అయింది. లెక్కలో వచ్చినది ఆకాశంలో కనబడిన దానితో సరిపోవడాన్ని పూర్వులు దృక్సిద్ధి అన్నారు. ఎవరూ చూడనప్పుడు ఆ పరీక్ష జరగదు. గ్రహణ రాత్రి తలుపులు మూసుకొన్న వారందరూ, ఏనాడో ఎవరో తెరచిన తలుపు నుండి చూచి వ్రాసిన లెక్కలమీదనే ఆధారపడుతున్నారు.

అలా చూచిన వారి చరిత్ర ఆగిరిపల్లికి చుట్టుపక్కల ప్రాంతాలలోనే ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా సాగిపోయింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో దానిని పరిశీలించాడు. ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్ గుంటూరులో పరిశీలించాడు. అదే గుంటూరులో టెనంట్ నాయకత్వంలోని బృందం గ్రహణాన్ని ఛాయాచిత్రాలుగా తీసింది. ఆనాటి గ్రహణ సమయంలో సూర్యకాంతిలో గుర్తించిన పసుపుపచ్చని గీతయే తరువాత హీలియం అనే మూలకం ఉనికిని తెలిపింది. మద్రాసు వేధశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఆ గ్రహణాన్ని వనపర్తిలో పరిశీలించారు. ఆయన పంచాంగకర్తల కుటుంబం నుండి వచ్చినవారు. ఆకాశాన్ని దూరదర్శినితో చూచి పంచాంగాలను సంస్కరించాలని వాదించి దృగ్గణిత పంచాంగాన్ని వెలువరించారు. పంచాంగానికీ దూరదర్శినికీ వైరం లేదని ఆయన జీవితమే తెలుపుతున్నది.

రఘునాథాచారి వేధశాల ఉద్యోగి. ఏ జీతమూ లేకుండా కేవలం ఆసక్తితో ఆకాశాన్ని పరిశీలించిన వారూ తెలుగునాట ఉన్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో తన సొంత ధనంతో వేధశాలను నెలకొల్పారు. 1856లో ఆయన మరణించిన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ బాధ్యతను స్వీకరించారు. ప్రభుత్వోద్యోగంలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన నరసింగరావు ఖగోళ పరిశీలనల వివరాలను లండనులోని రాయల్ ఖగోళ సంఘం పత్రికకు పంపేవారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించారు. ఒక ఔత్సాహికుని ముచ్చటగా మొదలైన ఆ ప్రయత్నమే నిజామియా వేధశాలగా రూపొందింది. ప్రపంచ దేశాలు కలిసి తలపెట్టిన నక్షత్రపట నిర్మాణంలో ఆ వేధశాల పాల్గొని ఆకాశంలో ఒక భాగాన్ని ఛాయాచిత్రాలలో బంధించింది. ఔత్సాహికుడు అన్న మాటను తక్కువచేసి పలకడం తగదని ఈ చరిత్ర చెబుతున్నది.

జమీందారులకూ నవాబులకూ మాత్రమే సాధ్యమైన ఆ పని నేడు సామాన్యుని చేతికి వచ్చింది. ఆగిరిపల్లిలోని విద్యార్థికి కావలసిన సామగ్రి కొద్దిపాటిది. పెళ్లిళ్లలో వాడే మామూలు డిజిటల్ కెమెరా, 200 లేక 300 మిల్లీమీటర్ల లెన్సు, కదలకుండా నిలిపే మూడుకాళ్ల స్టాండు ఉంటే చాలు. సొంతంగా లేకపోతే ఊరిలోని స్టూడియో వారిని ఒక రాత్రికి అడగవచ్చు. కెమెరా లోపల ఏర్పడే చంద్రబింబం పరిమాణం లెన్సు నాభ్యంతరంలో 110వ వంతు మాత్రమే ఉంటుంది. అంటే 200 మిల్లీమీటర్ల లెన్సుతో బింబం 2 మిల్లీమీటర్లకు లోపే. దానిని చూచి నిరుత్సాహపడనవసరం లేదు. నీడ అంచు ఆ చిన్న బింబంలోనూ చక్కగా తెలుస్తుంది.

అసలు కష్టం వెలుతురుతో వస్తుంది. నిండు చంద్రునికీ సంపూర్ణ గ్రహణంలోని చంద్రునికీ కాంతిలో పదివేల రెట్ల తేడా ఉండవచ్చు. గ్రహణానికి ముందు సెకనులో 250వ వంతు సరిపోయిన చోట, గ్రహణం నిండిన తరువాత సెకను కాలం కూడా చాలకపోవచ్చు. ఈ మార్పును కెమెరా తనంతట తాను సరిగా పోల్చుకోలేదు. నల్లని ఆకాశాన్ని చూచి మోసపోయి చంద్రుని తెల్లని చుక్కగా మార్చివేస్తుంది. అందుచేత వెలుతురునూ ఫోకస్‌నూ చేతితోనే సరిచేసుకోవాలి. అలాగని మీట ఎంతసేపైనా తెరచి ఉంచడానికి వీలులేదు. చంద్రుడు రెండు నిమిషాలలో తన వ్యాసమంత దూరం ఆకాశంలో జరిగిపోతాడు. ఎక్కువసేపు తెరిస్తే బింబం సాగిపోతుంది. కెమెరా గ్రహణశక్తిని తెలిపే ఐ.ఎస్.ఓ. అంకెను 1600 దాకా పెంచి, కాలాన్ని ఒకటి రెండు సెకన్లకు మించకుండా చూచుకోవడం మేలు. వ్రేలితో మీట నొక్కినప్పుడు కలిగే అదురు కూడా చిత్రాన్ని చెడగొడుతుంది. రెండు సెకన్లు ఆగి తీసే టైమరును వాడితే ఆ బాధ ఉండదు. తోటల నడుమ శీతకాలపు రాత్రి మంచు దిగి లెన్సు మసకబారుతుంది. మెత్తని పొడిగుడ్డ దగ్గర ఉంచుకోవాలి. అర్ధరాత్రికి చంద్రుడు నడినెత్తికి చేరువవుతాడు. డాబా మీద నులకమంచం వేసుకొని పడుకొని చూచేవారికి మెడనొప్పి ఉండదు.

గ్రహణం నిండిన వేళ పల్లెలో మరొక భాగ్యం లభిస్తుంది. అంతవరకు వెన్నెలలో దాగిన నక్షత్రాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. పౌర్ణమినాడే అమావాస్యనాటి ఆకాశం కనిపిస్తుంది. నగరవాసికి ఎర్రని చంద్రుడు మాత్రమే దక్కితే, పల్లెవాసికి అతని చుట్టూ నక్షత్రమండలం కూడా దక్కుతుంది. పరికరాల విషయంలో నగరం ముందున్నా ఆకాశం విషయంలో పల్లె సంపన్నమైనది.

ఇంత శ్రమపడి తీసిన చిత్రం వల్ల ప్రయోజనమేమి అని అడుగవచ్చు. అందమైన గ్రహణ చిత్రాలు లెక్కలేనన్ని ఇప్పటికే ఉన్నాయి గదా! ప్రయోజనం అందంలో లేదు. పాక్షికంగా గ్రహణం పట్టిన చంద్రుని చిత్రాన్ని కాగితంపై ముద్రించి, నీడ అంచుపై దూరదూరంగా మూడు బిందువులు గుర్తించాలి. మూడు బిందువుల గుండా వృత్తం గీయడం హైస్కూలులో నేర్చిన విద్యయే. ఆ వృత్తం వ్యాసాన్ని చంద్రబింబం వ్యాసంతో భాగిస్తే సుమారు 2.7 వస్తుంది. అంటే చంద్రుడున్న దూరంలో భూమి నీడ చంద్రునికి 2.7 రెట్లు. సూర్యచంద్రులు కంటికి ఇంచుమించు సమానంగా కనిపిస్తారు గనుక, భూమి నీడ చంద్రుని దాకా చేరేసరికి దాదాపు చంద్రుని వ్యాసమంత సన్నబడుతుంది. సన్నబడిన ఆ ఒక్క వంతును తిరిగి కలిపితే 3.7. భూమి వ్యాసం చంద్రుని వ్యాసానికి సుమారు 3.7 రెట్లని తేలిపోయింది. పాఠ్యపుస్తకంలో భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లని, చంద్రుని వ్యాసం 3,474 కిలోమీటర్లని చదివి భాగించినా అదే అంకె వస్తుంది. రెండు వేల ఏండ్లకు పూర్వం గ్రీకు పండితుడు అరిస్టార్కస్ నడచిన దారి ఇది. శోభనాచలం నీడన ఉన్న ఒక డాబా మీద నుండి, ఎవరి మాటా అరువు తెచ్చుకోకుండా, భూమిని చంద్రునితో తూచి చెప్పగలగడం చిన్న సంగతి కాదు.

చంద్రుని రంగు కూడా ఒక సమాచారమే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డాంజన్ గ్రహణ చంద్రుని కాంతిని 0 నుండి 4 వరకు ఐదు మెట్లుగా విభజించాడు. దాదాపు కనిపించనంత నల్లనిది 0. బూడిదవన్నె, తుప్పురంగు, ఇటుకరంగు క్రమంగా తరువాతి మెట్లు. మెరిసే రాగిరంగు 4. 1991లో ఫిలిప్పీన్స్ దేశంలో పినటుబో అగ్నిపర్వతం పేలి వాయుమండలంలో ధూళిని నింపినప్పుడు 1992 డిసెంబరు నాటి చంద్రగ్రహణం ఎంతో నల్లగా కనిపించింది. భూమి మీది గాలి ఎంత నిర్మలంగా ఉన్నదో చంద్రుని ముఖం చూచి చెప్పవచ్చునన్నమాట. ఇక చంద్రునిపై ఒక్కొక్క బిలాన్ని నీడ ఎప్పుడు తాకిందో గడియారంతో గుర్తించే అలవాటు ఔత్సాహికులకు చాలాకాలంగా ఉన్నది. 1842 నుండి 2011 వరకు సేకరించిన అటువంటి పరిశీలనలు 22 వేలకు పైగా ఉన్నాయి. వాయుమండలం కారణంగా భూమి నీడ లెక్కకు వచ్చిన దానికంటె కొంచెం పెద్దదిగా ఎలా ఉంటుందో వాటివల్ల కచ్చితంగా తెలిసింది. ఆ వేల పరిశీలనలలో ఒక్కొక్కటీ ఒక మనిషి ఒక రాత్రి మేలుకొని వ్రాసుకొన్న అంకె.

అందుచేత ఔత్సాహికుని చిత్రం సాక్ష్యం వంటిది. సాక్ష్యానికి ఉండవలసిన మొదటి గుణం నిజాయితీ. తీసిన తేదీ, వేళ, స్థలం, లెన్సు, వెలుతురు వివరాలు వెంటనే నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. కెమెరా గడియారాన్ని ముందుగానే సరిచేసుకోవాలి. నీడ అంచు గీత గీసినట్లు ఉండదు గనుక, స్పర్శవేళ పంచాంగం కంటె ఒక నిమిషం అటో ఇటో తోచవచ్చు. తోచినదే వ్రాయాలి గాని పంచాంగాన్ని చూచి దిద్దుకోరాదు. ఈ కాలంలో ఈ హెచ్చరిక మరింత అవసరం. కొన్ని సెల్‌ఫోన్లు తెరపై చంద్రుని పోల్చుకొని, కటకం చూడని మచ్చలనూ గీతలనూ తామే చేర్చి చక్కని బొమ్మను తయారు చేస్తున్నాయి. కొండ శిఖరంపై బండిచక్రమంత ఎర్రచంద్రుని అతికించిన చిత్రాలు ప్రతి గ్రహణానికీ చేతులు మారుతుంటాయి. 2018 జనవరి 31న, 2022 నవంబరు 8న జరిగినట్లు గ్రహణంతోనే చంద్రుడు ఉదయించిన రోజున కొండనూ చంద్రునీ ఒకే చిత్రంలో చూపవచ్చు. అర్ధరాత్రి నడినెత్తి మీద ఉన్న చంద్రుని కొండ కొమ్మున నిలిపిన చిత్రం మాత్రం అతుకులబొంత. మసకగా ఉన్నా తాను చూచినదాన్ని చూపిన చిత్రం, తళతళలాడుతూ అబద్ధమాడే చిత్రం కంటె గొప్పది.

ఈ నిజాయితీ కేవలం శాస్త్ర విషయం కాదు. మనుషుల కష్టసుఖాలతో ముడిపడినది. తెలుగులో పెదవి చీలికతో పుట్టిన శిశువుకు గ్రహణం మొర్రి అని పేరు. ఆ పేరులోనే ఒక నేరారోపణ ఉన్నది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణాన్ని చూచిందనో, ఆ వేళ కూర తరిగిందనో, అటు ఇటు కదిలిందనో లోకం ఆమెను వేలెత్తి చూపుతుంది. అందుకు భయపడి గర్భవతిని గ్రహణం విడిచేదాకా కదలకుండా పడుకోబెట్టేవారు, మంచినీరైనా ఇవ్వని వారు ఇప్పటికీ ఉన్నారు. గంటల తరబడి ఆకలిదప్పులు ఓర్చుకోవడమే ఆమెకు హాని తప్ప గ్రహణం వల్ల ఏ హానీ లేదు.

శిశువు పెదవి గర్భంలో నాలుగవ వారం నుండి ఏడవ వారం వరకు రూపుదిద్దుకొంటుంది. చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతి అప్పుడప్పుడే తెలుస్తూ ఉంటుంది. వంశపారంపర్య లక్షణాలు, ఫోలిక్ ఆమ్లం లోపం, పొగతాగడం, కొన్ని రకాల మందులు చీలికకు కారణాలు కాగలవని వైద్యశాస్త్రం చెబుతున్నది. ప్రపంచంలో సుమారు 700 జననాలలో ఒకరికి పెదవిలోనో అంగిలిలోనో చీలిక ఉంటుంది. 2024 సంవత్సరమంతా వెదకినా భారతదేశంలో కనిపించిన సూర్యగ్రహణం గాని, ప్రచ్ఛాయ తాకిన చంద్రగ్రహణం గాని ఒక్కటీ లేదు. ఆ ఏడాది గర్భంలో రూపుదిద్దుకొన్న శిశువులలోనూ చీలికతో పుట్టినవారున్నారు. ఏ నీడ పడిందని ఆ తల్లులను నిందించాలి? పెదవి చీలికను శిశువు పుట్టిన కొద్ది నెలలలోనే శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. తల్లి మనసులో నాటుకొన్న నేరభావానికి అటువంటి చికిత్స లేదు. ఆ భావాన్ని నాటకుండా ఉండడమే మందు.

ఈ మాటలను ఉపన్యాసంగా చెబితే ఇంట్లోని పెద్దలు వినకపోవచ్చు. చిత్రంగా చూపితే వినే అవకాశం ఎక్కువ. కెమెరా తెరపై చంద్రుని ఎరుపును చూచిన నానమ్మ, మరుక్షణం తల ఎత్తి ఆకాశం వంక చూడకుండా ఉండలేదు. చంద్రుని నుండి వచ్చే కాంతి రోజూ వచ్చేదేననీ, ఆ రాత్రి అది ఇంకా తగ్గిపోయిందనీ, తగ్గిన వెలుగుకు కొత్తగా హాని చేసే శక్తి ఎక్కడి నుండీ రాదనీ అప్పుడు చెబితే మాట చెవికెక్కుతుంది. కొడుకు గాని కూతురు గాని తీసిన చిత్రం, వారు వ్రాసిన వేళలు, పంచాంగంలోని వేళలతో సరిపోవడం కళ్లారా చూచిన ఇంటిలో భయానికి చోటు కొంత తగ్గుతుంది.

అయితే ఔత్సాహికునికి వినయం కూడా ఉండాలి. గ్రహణ సమయంలో ఉపవాసముండి జపం చేసుకొనే పెద్దలను ఎగతాళి చేయడం విజ్ఞానం అనిపించుకోదు. తమ ఇష్టంతో, తమ ఆరోగ్యం అనుమతించిన మేరకు వారు పాటించే నియమం వల్ల ఎవరికీ కష్టం లేదు. ఆ నియమాన్ని గర్భవతులపై, మధుమేహం వంటి రోగాలున్నవారిపై, పసిపిల్లలపై నిర్బంధంగా రుద్దడమే అభ్యంతరకరం. ఆచారాలలో సైతం ఒకే మాట లేదన్నది గుర్తుంచుకోవాలి. గ్రహణ సమయంలో తిరుమలతో సహా అనేక ఆలయాల తలుపులు మూస్తారు. శ్రీకాళహస్తిలో మాత్రం తెరచి ఉంచి పూజలు జరుపుతారు. తెరచిన తలుపుకు కూడా సంప్రదాయంలో స్థానమున్నదన్నమాట.

మరొక అభ్యంతరం కూడా ఉన్నది. గ్రహణమంతా కెమెరా తెరలోనే చూచేవారు అసలు ఆకాశాన్ని చూడడం మరచిపోతారని కొందరంటారు. ఇందులో నిజం లేకపోలేదు. దానికి విరుగుడు సులభం. చంద్రుని కదలిక నెమ్మదిగా సాగుతుంది; నీడలో తన వ్యాసమంత దూరం జరగడానికి అతనికి సుమారు గంట పడుతుంది. ఐదు నిమిషాలకొక చిత్రం తీసినా నడుమ నాలుగు నిమిషాలు కంటికి మిగులుతాయి. రంగు ఎటువైపు నుండి ఎటు పాకుతున్నదో, ఏ నక్షత్రం ముందుగా బయటపడిందో, గ్రహణం నిండగానే తోటలో ఏ పక్షి అరిచిందో కెమెరా చెప్పదు. అవి వ్రాసుకోవలసినవి.

సంపూర్ణ చంద్రగ్రహణాలకు కొదవ లేదు గాని ప్రతిదీ ఆకాశం నిర్మలంగా ఉన్న ఋతువులో రాదు. ఈ శతాబ్దంలోకెల్లా పొడవైనదిగా, 103 నిమిషాల సంపూర్ణ స్థితితో 2018 జూలై 27వ తేదీ రాత్రి పట్టిన గ్రహణం వర్షాకాలం నడుమ వచ్చింది. 2025 నాటిది కూడా వానల నెలలోనే వచ్చింది. 2028 డిసెంబరు 31వ తేదీ రాత్రి రానున్న సంపూర్ణ గ్రహణం ఆ లోటు తీర్చగలది. శీతకాలపు ఆకాశంలో, రాత్రి పది గంటల ప్రాంతంలో చంద్రుడు బాగా ఎత్తున ఉండగా అది నిండుతుంది. కొత్త సంవత్సరం కోసం లోకమంతా ఎలాగూ మేలుకొనే రాత్రి అది. మామిడి తోటలు పూతకు సిద్ధమయ్యే ఆ వేళ ఆగిరిపల్లి డాబాల మీద నాలుగు కెమెరాలు, నాలుగు నోటుపుస్తకాలు సిద్ధంగా ఉంటే, పంచాంగం చెప్పిన వేళలకు సాక్షులు దొరుకుతారు. ఆ డాబాల మీద గర్భవతులైన అక్కలకూ వదినెలకూ ఒక కుర్చీ, ఒక గ్లాసు మంచినీరు కూడా సిద్ధంగా ఉండాలి.